గోదావరిఖని మట్టిగుట్ట మీది చెట్లు



కాశ్మీరులోని గుల్మార్గ్‌లో చలికాలం వచ్చిందంటే కొందరు కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకొని, మంచు కప్పిన కొండవాలు మీద పైన్ చెట్ల నడుమ జారుతూ దిగుతారు. ఆ ఆటలో వారు ముందుగా చూచేది చెట్టును కాదు, చెట్టుకూ చెట్టుకూ మధ్యనున్న సందును. మన సింగరేణి ప్రాంతంలో మంచు ఎక్కడిది! అయినను కొండలెక్కినప్పుడు మేము కూడ ఆ సందునే చూడడం అలవాటు చేసుకున్నాము. కొండ ఎవరి చేతి పనో అది చెప్పేస్తుంది.

గోదావరిఖని చుట్టుపక్కల ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు మీదనున్న మట్టిని, ఇసుకరాతిని పేల్చి, తవ్వి, డంపర్లతో మోసి పక్కన పోస్తారు. అలా లేచినవే మన మట్టిగుట్టలు. దూరానికి మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. వాటి మీద కంపెనీవారు మొక్కలు నాటిస్తూ వస్తున్నారు. అటువంటి పాత గుట్ట నొకదానిని, అనుమతి తీసుకొని, మా సంఘ యౌవనస్థులతోను ఒక పెద్దాయనతోను కలిసి ఎక్కాము. చెట్లన్నీ ఒకే ఈడువి, వరుసల్లో నిలుచున్నవి. సందులన్నీ ఒకే కొలత. దారి వెదుక్కోనక్కరలేదు గాని కాలు నిలువదు, అడుగడుగునా రాయి జారుతుంది. వేరు పట్టినచోట మట్టి ఆగింది. పట్టనిచోట వాననీరు నిలువునా కోసివేసింది. కనుక ఆ చెట్లను చులకన చేయరాదు. అవి లేకుంటే ఆ మట్టి కింది చెలకల్లోకి, వాగుల్లోకి దిగును.

ఇదే పెద్దపల్లి జిల్లాలో బేగంపేట దగ్గరి రామగిరి ఖిల్లా చూడండి. అక్కడ సందుకు లెక్కే లేదు. ఒకచోట బండ, ఒకచోట తీగ అడ్డం. ముసలి చెట్టు కిందనే దాని మొలక. మూలికల కోసం వైద్యులు, చదువుకొనే పిల్లలు ఆ కోటకొండ ఎక్కుతారు.

విశాఖ మన్యంలోని అరకు, అనంతగిరి కొండల మీద మరొక రీతి. ఆస్ట్రేలియా నుండి వచ్చిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన కాఫీ, మానుకు పాకిన మిరియాల తీగ. అదీ మనిషి నాటినదే. కాని కాఫీకి కావలసినంత నీడ పడేటట్లు సందు విడిచారు; గిరిజన కుటుంబాలు దాని మీద బ్రతుకుతున్నవి. నాటిన చెట్టు కింద ఏమీ ఉండదనుకోవడం సరికాదని అక్కడే మాకు తోచింది.

మాతో వచ్చిన పెద్దాయన కుటుంబపు చెలక గనిలో పోయింది. ఆయన చెట్లకేసి చూడలేదు; వంగి నేలనే చూస్తూ నడిచాడు. తునికాకు కనబడుతుందా, ఇప్ప మొలక ఉందా అని. గడ్డి తప్ప ఏమీ లేదు. తవ్వకానికి ముందు పైమట్టిని వేరుగా తీసి దాచి, చివర గుట్ట మీద పరచినట్లయితే అందులోని గింజ, పురుగు, సారము తిరిగి వస్తాయి. అది అడుగున పడిపోతే రాయే మిగులుతుంది.

గుట్ట అంచున, మంచి మట్టి పడిన ఒక మూల మాత్రం వరుస చెడింది. తంగేడు, రేగు, వేప ఎవరూ నాటకుండానే మొలిచాయి. పెద్దాయన అక్కడ చాలాసేపు కూర్చున్నాడు. సందు పూర్తిగా మూసుకొనిపోయినందున మేమందరం చుట్టు తిరిగి దిగవలసి వచ్చింది.