జడ్జి కూడా లెక్క చెప్పాలి

విశాఖపట్నం,
ఆదివారం పొద్దున్న

బావా,

ఇక బాక్సింగ్ చూడనని రాశావు. నమ్మమంటావా? కాఫీ మానేశానని కూడా ఏడాదికోసారి రాస్తావు. అయినా ఈసారి నీ ఉత్తరంలో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. "కొట్టేవాడు ఒకడు, రిఫరీ చెయ్యెత్తేది ఇంకొకడిది" అన్నావు చూడు, ఆ మాట రెండు రోజులుగా నా చెవిలోనే ఉంది. అందుకే ఇవాళ పేపరైనా చూడకుండా నీకు రాయడానికి కూర్చున్నాను.

ముందు ఇంటి కబుర్లు. పెద్దమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. నీ వాటా ఆవకాయ వేరే జాడీలో పెట్టి, వాసెన కట్టి, అటకెక్కించింది. అమెరికా వెళ్లేవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోమని రోజూ నా ప్రాణం తోడేస్తోంది. మన జిమ్ము ముందున్న వేపచెట్టు హుద్‌హుద్ తుఫానుకి పడిపోయింది కదా, అక్కడ నాటిన కానుగ మొక్క ఇప్పుడు పదిమందికి నీడనిస్తోంది. సాయంత్రాలు దాని కింద ఆడపిల్లలు చేతులకి పట్టీలు చుట్టుకుంటూ కూర్చుంటారు. మన రోజుల్లో ఒక్క పిల్లయినా గ్లవ్ తొడిగిందా? నిఖత్ జరీన్ నిజామాబాద్ పిల్లే అయినా చిన్నప్పుడు మన ఊళ్లోని సాయ్ క్రీడా కేంద్రంలోనూ శిక్షణ తీసుకుంది. 2022లో ఇస్తాంబుల్‌లో, మరుసటి ఏడు ఢిల్లీలో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయ్యాక, ఇక్కడి తల్లిదండ్రులు కూడా పిల్లల్ని తామే చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నారు.

ఆ పిల్లల్లో ఒకత్తె, మన పాలకేంద్రం ఆయన మనవరాలు, మొన్న ఒక పోటీలో ఓడి వచ్చింది. ఏడవలేదు. "మావయ్యా, నేను ఏ రౌండులో ఓడిపోయాను?" అని అడిగింది. నిర్వాహకులకి ఫోన్ చేస్తే, స్కోరు కాగితాలు చూపించడం కుదరదన్నారు. "ఏ రౌండో తెలిస్తే కదా దిద్దుకునేది" అంటూ పట్టీలు విప్పుకుంది. నీ ఉత్తరమూ ఆ పిల్ల ప్రశ్నా ఒకే వారంలో వచ్చాయి. నువ్వు రాసింది లాస్‌వేగాస్ ఫైటు సంగతి, ఆ పిల్ల అడిగింది మన వీధి సంగతి. జబ్బు ఒకటే.

నా బలహీనత నీకు తెలుసు. ముందుకు దూసుకొచ్చేవాడంటే నాకు ప్రాణం. వాడు నాలుగు తగిలించుకుని ఒకటి తగిలించినా ఆ ఒకటే నా కళ్లకి కనపడుతుందని నువ్వు ఎన్నిసార్లు పోట్లాడలేదు? నువ్వన్నది నిజమే. అందుకే గత ఆదివారం 1999 మార్చి నాటి లూయిస్, హోలీఫీల్డ్ ఫైటు మళ్లీ పెట్టుకున్నాను. మీ మేడ మీద గదిలో క్యాసెట్టు అరిగిపోయేదాకా చూశామే, అదే. ఈసారి శబ్దం పూర్తిగా తీసేశాను. వ్యాఖ్యాత గొంతు లేదు, మాడిసన్ స్క్వేర్ గార్డెన్ హోరు లేదు. చేతిలో పెన్సిలు, పన్నెండు గళ్లు గీసిన కాగితం.

అయిదో రౌండు దగ్గర పెన్సిలు కింద పెట్టేశాను బావా. లూయిస్ హోలీఫీల్డ్‌ని తాళ్లకి ఆనించి కొడుతున్నాడు. ఎడమచేతి జాబ్, వెనకే కుడి. హోలీఫీల్డ్ మోచేతులు దగ్గరికి లాక్కుని, తల దించుకుని, దెబ్బలు కాచుకుంటున్నాడే తప్ప తిరిగి కొట్టడం లేదు. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ వాళ్ల లెక్కలో ఆ రౌండులో లూయిస్ తగిలించినవి 43, హోలీఫీల్డ్‌వి 11. ఆ రౌండు కూడా జడ్జి యూజీనియా విలియమ్స్ హోలీఫీల్డ్‌కే రాసింది. మొత్తం ఫైటులో 348కి 130. ఫలితం డ్రా! ముగ్గురు జడ్జీల్లో ఒకరు లూయిస్‌కి 116–113, ఒకరు సరిసమానం, ఆమె 115–113 హోలీఫీల్డ్‌కి. తనకు కనిపించిందే రాశానని ఆమె సమర్థించుకుంది. ఆమె మనసులో ఏముందో మనకెందుకు? నేను అడిగేది వేరే. ఆ మనిషిని ఆ కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారు? ఆమె ఎవరికి జవాబు చెప్పాలి?

ఆ రాత్రి ముగ్గురు జడ్జీలూ మూడు బెల్టు సంస్థల తరఫున వచ్చారు. ఆమెను పెట్టింది ఐబీఎఫ్. అప్పటికి ఆ సంస్థ బెల్టు హోలీఫీల్డ్ నడుముకే ఉంది. ఈ సంస్థలకి ఆదాయం ఎక్కణ్నించి? టైటిల్ ఫైటు ఆడే బాక్సర్ల పారితోషికంలో శాతం. జడ్జీల ఫీజు ఎవరి జేబులోంచి? ప్రమోటర్ జేబులోంచి. ఎవరూ ఎవరికీ లంచం ఇవ్వనక్కర్లేదు బావా. ఎవరు గెలిస్తే రేపు ఇంకో పెద్ద ఫైటు ఉంటుందో హాల్లో అందరికీ తెలుసు. కుర్చీలో కూర్చున్నవాళ్లకి తెలియదా? పెళ్లివారి ఖర్చుతో వచ్చిన వంటవాణ్ని పప్పులో ఉప్పెలా ఉందని పెళ్లివారి ముందే అడిగితే ఏం చెప్తాడు? 2000లో అమెరికా ముహమ్మద్ అలీ పేరు మీద చేసిన చట్టం ప్రకారం, తనకి ఎవరెంత ఇస్తున్నారో జడ్జి ముందే కమిషన్‌కి చెప్పాలి. మంచిదే. కానీ డబ్బు ఎక్కణ్నించి వచ్చిందో చెప్పించారు గాని, మార్కులు ఎందుకు వేశారో చెప్పించలేదు.

ఇక ఆ మార్కుల సంగతి. గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, నేలకూలితే సాధారణంగా 8. నువ్వు బ్యాంకులో చేశావు, లెక్క వెయ్యి. ఒకడు అయిదు రౌండ్లు ఎదుటివాణ్ని ఉతికి ఆరేశాడు, మనిషి పడలేదంతే. మిగతా ఏడు రౌండ్లు వెంట్రుకవాసిలో ఎదుటివాడివి. స్కోరు 115–113, గెలుపు ఎదుటివాడిది. ఉతికి ఆరేసిన రౌండుకీ వెంట్రుకవాసి రౌండుకీ ఒకే తూకం. మనిషి కింద పడకపోయినా ఏకపక్షంగా సాగిన రౌండుకి 10–8 వెయ్యొచ్చు, తేలని రౌండుకి 10–10 వెయ్యొచ్చు. నియమాలు అడ్డు రావు. చాలామంది జడ్జీలు ఆ రెండూ వెయ్యడానికి జంకుతారు. మార్పు అక్కడ మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న నియమాన్ని ధైర్యంగా వాడితే చాలు.

నువ్వు ఇక్కడ అడ్డుపడతావని తెలుసు. "కళ్లు తేడాగా చూస్తాయోయ్, అందులో మోసమేముంది" అంటావు. ఒప్పుకుంటాను. ఇందాక చెప్పినట్టు, నా కళ్లే నాకు సాక్షి. జడ్జి కూర్చునేది రింగు అంచున, ముఖానికి తాడు అడ్డం. ఒక్కోసారి రిఫరీ వీపు, ఒక్కోసారి బాక్సర్ వీపు. దెబ్బ గడ్డానికి తగిలిందో గ్లవ్‌కి తగిలిందో అటుపక్క జడ్జికే కనిపిస్తుంది. అలాంటప్పుడు ముగ్గురే ఎందుకు? ఔత్సాహిక పోటీల్లో అయిదుగురు చూస్తారు. కోట్ల డాలర్ల ఫైటుకి ఇంకో ఇద్దరు బరువా? ఒక్కొక్కరి ముందు చిన్న తెర పెట్టి అవతలి కోణం చూపిస్తే తప్పా?

కానీ కళ్ల తేడాకీ ఒక హద్దు ఉంటుంది కదా. 2017 సెప్టెంబరులో కానెలో, గొలోవ్‌కిన్ ఫైటు. ఒక జడ్జికి గొలోవ్‌కిన్ 115–113తో గెలిచాడు. అదే ఫైటులో ఆడలైడ్ బర్డ్‌కి కానెలో 118–110తో గెలిచాడు. అంటే పన్నెండింట పది రౌండ్లు కానెలోవే. మూడో కాగితం 114–114, కాబట్టి డ్రా. ఇద్దరూ ఒకే రింగు చుట్టూ కూర్చున్నారు. ఇంత తేడా వచ్చినప్పుడు ఇద్దర్నీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టి, టేపు తిప్పి, "ఈ రౌండు ఎందుకలా రాశారు?" అని అందరి ఎదుటా అడగొద్దా?

ఇంకో అడ్డం కూడా నీ దగ్గర సిద్ధంగా ఉంటుంది: యంత్రానికి అప్పగించేస్తే పోలా అని. అదీ చూశాం బావా. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలించి, 32 తగిలించిన పార్క్ సీ హున్ చేతిలో 3–2తో ఓడాడని ప్రకటించారు. ఆ గొడవ తరవాత 1992 బార్సిలోనా నుంచి ఒలింపిక్స్‌లో మీటలు పెట్టారు. అయిదుగురిలో ముగ్గురు ఒక్క సెకను లోపు మీట నొక్కితేనే పాయింటు. ఏమైంది? ఒళ్లు వంచి కడుపులో కొట్టే పంచ్ మాయమైపోయింది. కనపడేలా తాకి పారిపోయే ఆట వచ్చింది. 2013లో ఆ పద్ధతి తీసేసి పది మార్కుల పద్ధతికే వచ్చారు. మొన్న 2024 డిసెంబరులో ఉసిక్, ఫ్యూరీ రెండో ఫైటుకి కృత్రిమ మేధతో కూడా అనధికారికంగా మార్కులు వేయించారు. జడ్జీలు ముగ్గురూ 116–112 అంటే అది 118–112 అంది. విజేత ఒక్కడే. పక్కన ఉండనీ, సాక్షిగా పనికొస్తుంది. ఏ దెబ్బ మనిషిని కదిలించిందో, ఏది గాలికి పోయిందో చెప్పడానికి మాత్రం రింగు తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి తన మాటకి కట్టుబడాలి. నేను పట్టుకు వేలాడుతున్నది ఆ ఒక్కదాన్నే.

శిక్షలు లేకపోలేదు. మీ న్యూజెర్సీలోనే, అట్లాంటిక్ సిటీలో, 2011 జులైలో ఎరిస్లాండీ లారా మీద పాల్ విలియమ్స్ గెలిచాడని ప్రకటించాక ముగ్గురు జడ్జీలనీ సస్పెండ్ చేశారు. లారా ఖాతాలో ఓటమి మాత్రం అలాగే ఉండిపోయింది. 2022 ఫిబ్రవరిలో గ్లాస్గోలో జాక్ కాటరాల్, జాష్ టేలర్‌ని పడగొట్టి కూడా ఓడాడన్నారు. నాలుగు బెల్టులూ ఆ రాత్రి పందెంలో ఉన్నాయి. బ్రిటిష్ బోర్డు ఒక జడ్జి హోదా ఒక మెట్టు తగ్గించింది. కాటరాల్‌కి మళ్లీ టేలర్ దొరికింది 2024 మేలో. గెలిచాడు కూడా. అప్పటికి ఆ బెల్టుల్లో ఒక్కటీ పందెంలో లేదు. బాక్సర్ వయసులో రెండేళ్లంటే ఎంతో నీకు చెప్పాలా? మన సరితాదేవి సంగతి చూడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సెమీఫైనల్ తీర్పు భరించలేక, ఏడుస్తూ తన కాంస్యాన్ని కొరియా బాక్సర్‌కి ఇచ్చేసింది. ఏడాది నిషేధం సరితకి పడింది. అడిగినవాళ్లకి శిక్ష పడుతుంటే ఇంక అడిగేదెవరు?

మరి ఏం చెయ్యాలంటావా? జడ్జీల జీతం ఫైటు పెట్టేవాడి చేతుల్లోంచి రాకూడదు. అన్ని ఫైట్ల నుంచీ తీసిన ఉమ్మడి నిధిలోంచి రావాలి. ఫైటుకి అయిదుగురిని ఆ పొద్దున్నే చీటీ తీసి పిలవాలి. అన్నిటికంటే ముఖ్యం, వారం తిరిగేలోపు రౌండు రౌండుకీ మార్కులూ, ఎవరి లెక్క వేరుగా ఉందో ఆ రౌండుకి రెండు వాక్యాల కారణమూ అందరికీ తెలిసేలా ప్రకటించాలి. బెల్టు సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ కొన్ని ఫైట్లలో నాలుగు, ఎనిమిది రౌండ్ల తరవాత స్కోరు చదివి వినిపిస్తోంది. "గెలుస్తున్నానని తెలిసినవాడు చివరి రౌండ్లలో పారిపోతాడోయ్" అని నువ్వంటావు. సరే, ఫైటు మధ్యలో వద్దు. అయిపోయాక చెప్పడానికేం? మన పదో తరగతి పేపరు దిద్దిన మాస్టారు కూడా ఎక్కడ మార్కు కోశారో ఎర్రసిరాతో రాసేవారు కదా.

నువ్వు చూడటం మానేస్తే వాళ్లకేం నష్టం లేదు బావా. చూస్తూ, శబ్దం తీసేసి, నీ కాగితం మీద నువ్వు రాసుకో. లక్షమంది రాసుకుని అడిగితే ఆ ప్రశ్నని తోసెయ్యడం ఎవరి తరమూ కాదు. నీ కాగితం నాకు పంపు, నాది నీకు పంపుతాను. దూసుకొచ్చేవాడికి నేను ఎక్కడ ఎక్కువ వేశానో నువ్వే ఎర్రసిరాతో దిద్దు.

ఇక్కడ నేను మొదలుపెట్టేశాను. ఆదివారాలు పిల్లలు ఆడుతుంటే ముగ్గురం మూడు వైపులా కూర్చుని రాస్తున్నాం. ఆట అయ్యాక, కానుగచెట్టు కింద, ఆడిన ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి రౌండు రౌండుకీ చదువుతున్నాం. కారణంతో సహా. మొన్న పాలకేంద్రం ఆయన మనవరాలికి చదివాను: "రెండో రౌండు నీది కాదమ్మా. జాబ్ వేశాక ఎడమచెయ్యి నడుము దాకా జారుతోంది. మూడుసార్లు అక్కడే తిన్నావు." ఆ పిల్ల మారు మాట్లాడలేదు. లేచి బ్యాగ్ దగ్గరికి వెళ్లి, చీకటి పడేదాకా జాబ్ వేస్తూనే ఉంది. వేసిన ప్రతిసారీ ఎడమచెయ్యి మళ్లీ చెంప దగ్గరికి తెచ్చుకుంటూ.

పెద్దమ్మ పిలుస్తోంది. జాడీ సంగతి మర్చిపోకు.

నీ
బావ