తేదీకి ఏ భాష?

భిలాయి క్యాంప్ 1లోని తెలుగు ఇళ్ళలో గోడకు రెండు క్యాలెండర్లు వ్రేలాడుతుండడం మాకు వింతగా తోచదు. ఒకదానిలో దీపావళి ఆశ్వయుజ అమావాస్య. పక్కనున్న హిందీ పంచాంగంలో అదే రోజు కార్తిక అమావాస్య. మనకు మాసం అమావాస్యతో ముగుస్తుంది, వారికి పౌర్ణమితో. అయినా దీపాలు ఒక్క రాత్రే వెలుగుతాయి. మనుషులు సర్దుకుంటారు. కంప్యూటరు సర్దుకోదు.

నవంబరు 1వ తేదీనే తీసుకుందాం. 1956లో ఆంధ్రప్రదేశ్, 2000లో ఛత్తీస్‌గఢ్ అవతరించినది ఆ రోజునే; కన్న రాష్ట్రానికీ, అన్నం పెట్టిన రాష్ట్రానికీ మాకు ఒకటే పుట్టినరోజు. దానిని మనం 01/11 అని వ్రాస్తాము. అమెరికా పద్ధతికి అమర్చిన యంత్రం జనవరి 11 అని చదువుతుంది. మన కర్మాగార నిర్మాణానికి తోడ్పడిన సోవియట్ ఇంజనీర్ల దేశంలో గీతకు బదులు చుక్క పెడతారు. వరుస మాత్రం మనదే. రోజు అంకె 12 దాటితే అన్ని నెలలు లేవు గనుక పొరపాటు బయటపడుతుంది. దాటకపోతే చప్పుడు లేకుండా లోపలికి పోతుంది. జూన్ 5న పుట్టిన మా వీధి పెద్దాయన ఒక కార్యాలయపు కంప్యూటరులో మే 6న పుట్టినవాడయ్యాడు. పదవీ విరమణ పుట్టిన నెల ఆఖరి రోజున కదా! ఒక నెల జీతం కోసం ఆయన బడి సర్టిఫికెట్టు చేతబట్టుకొని ఎక్కని మెట్టు లేదు.

సాఫ్ట్‌వేరును తెనిగించేవారికి మరొక చిక్కు ఉన్నది. యంత్రం ఏ ప్రాంతపు అలవాట్లను పాటించాలో చెప్పే అమరికను లొకేల్ అంటారు. లినక్స్ వంటి వ్యవస్థలలో సందేశాల భాషకు ఒక అమరిక, తేదీలకు వేరొకటి. మొదటిది తెలుగులో, రెండవది ఇంగ్లీషులో ఉంటే, కొన్ని ప్రోగ్రాములలో వాక్యమూ తేదీ వరుసా అనువాదకుని నుండి వస్తాయి. వారం పేరు, నెల పేరు రెండవ అమరిక నుండి వస్తాయి. 'మీ సెలవు థర్స్‌డే, జూన్ 5న మొదలు' అని తెర పలుకుతుంది. వరుస, పేర్లు రెండూ తేదీల అమరిక నుండే రావాలని మా అభిప్రాయం. విభక్తి తగిలించక 'సెలవు మొదలు:' అని వ్రాసి, తేదీని విడిగా నిలిపితే మరీ మేలు. లోపల భద్రపరచేది మాత్రం 2000-11-01 వలె ఏడాది, నెల, రోజు వరుసలోనే ఉండాలి. 1988లో వెలువడిన ఐఎస్ఓ 8601 ప్రమాణం చెప్పేదీ అదే.

ఇక నైట్ షిఫ్టు. ఆదివారం రాత్రి పదింటికి ఎక్కినవాడు రెండింటికి టీ త్రాగితే, అతనికి అది ఆదివారం రాత్రే. సూర్యోదయం దాకా పంచాంగానికీ ఆదివారమే. యంత్రానికి సోమవారం 02:00. మేమైతే 'రాత్రి 2' అని తెనిగించి, పక్కన 'ఆదివారం షిఫ్టు' అని చేర్చమంటాము. హాజరు పడవలసినది దానికే.