మొదటి పెట్టుబడి మా నాయనది

పోయిన భాగం చదివి చాలామంది విద్యార్థులు ఒకటే అడిగారు. "అక్కా, విదేశీ కంపెనీలు వస్తేనే కదా మనకు ఉద్యోగాలు? అన్నిటినీ వ్యతిరేకిస్తూ పోతే ఎట్లా?"

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఫ్యాక్టరీ వద్దని నేనెప్పుడూ అనలేదు. చిన్న కమతాల మీద 1918లో రాసిన వ్యాసంలోనే బాబాసాహెబ్, భూమి మీద ఆధారపడ్డ జనం ఎక్కువైపోయారని, పరిశ్రమలు రావడమే దానికి మందని వాదించారు. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలన్నారు. పరిశ్రమ రావాలి, అది ఎవరి చేతిలో ఉంటుందో కూడా తేల్చాలి. మనం పట్టుకోవాల్సిన కొస ఇదే.

విదేశీ పెట్టుబడి ఊరికే రాదు. ఏ రాష్ట్రం ఎంత ఇస్తుందని కంపెనీ బేరమాడుతుంది. పక్క రాష్ట్రం కంటే ఎక్కువిస్తామని మన ప్రభుత్వం అంటుంది. ఇచ్చేవి ఏమిటి? చవకగా భూమి, కట్టిన రాష్ట్ర జీఎస్టీ వాపసు, స్టాంపు డ్యూటీ మినహాయింపు, కరెంటు రాయితీ, నీళ్ళు, రోడ్డు. 2017 ఏప్రిల్‌లో కియాతో ఒప్పందం జరిగినప్పుడు 110 కోట్ల డాలర్లని పేపర్లన్నీ రాశాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో భూమి, గొల్లపల్లి రిజర్వాయరు నీళ్ళు మన వైపు నుంచి వెళ్ళాయి. ఏ కంపెనీ వచ్చినా అంతే, డాలర్ల లెక్క అందరికీ కంఠతా వస్తుంది. మన వైపు లెక్క ఎవరికీ గుర్తుండదు.

మన వైపు లెక్కలో మొదటి పద్దు భూమి. ప్రభుత్వాలు దాన్ని 'ల్యాండ్ బ్యాంక్' అంటున్నాయి. బ్యాంకులో డబ్బు వేస్తే పాసుబుక్కు ఇస్తారు, వడ్డీ ఇస్తారు. ఈ బ్యాంకులో భూమి వేసినవాళ్ళకు ఏమిచ్చారు?

మా నాయనకు రెండెకరాల డీకేటీ పట్టా ఉండేది. గుట్ట కింద రాళ్ళు, ముళ్ళకంప. భూమిలేని పేదలకని ప్రభుత్వం ఇచ్చింది. అమ్ముకునే వీల్లేదని 1977 అసైన్డ్ భూముల చట్టం అప్పట్లో చెప్పేది. అమ్మా నాయనా ఏళ్ళ తరబడి రాళ్ళేరి గట్టు వేశారు. చెనిక్కాయలు పండించారు. నా చదువు ఆ చేను మీదే సాగింది.

నేను డిగ్రీలో ఉండగా, 2008లో, నోటీసు వచ్చింది. విదేశీ కంపెనీ వస్తోంది, ప్రజా ప్రయోజనం కోసం భూమి వెనక్కి తీసుకుంటున్నామని. పక్క చేను రెడ్డిగారి పట్టా భూమి. దానికి కట్టిన రేటులో మాకు సగం కూడా కట్టలేదు. "గవర్నమెంటు ఇచ్చింది, గవర్నమెంటే తీసుకుంటోంది. ఆ మాత్రం ఇవ్వడమే ఎక్కువ" అన్నాడు ఆఫీసులో ఒకాయన. నాయన వేలిముద్ర వేసి వచ్చాడు.

అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టాదారులతో సమానంగా మార్కెట్ విలువ కట్టివ్వాలని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తీర్పు చెప్పింది. మా వాడలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు నోరు విప్పలేదు. తర్వాత వచ్చిన 2013 భూసేకరణ చట్టం, 'భూ యజమాని' నిర్వచనంలోనే అసైన్డ్ భూముల మీద పట్టా హక్కు ఉన్నవాళ్ళనూ చేర్చింది. ఇది ప్రతి వాడలో వినపడాల్సిన మాట.

భూమి పోతే పోయింది, ఉద్యోగం వస్తుందిలే అన్నారు. వచ్చింది. మా పిన్నమ్మ కొడుకు ఐటీఐ ఫిట్టర్. వాడికి గేటు దగ్గర సెక్యూరిటీ పని. మా వదినది హౌస్‌కీపింగ్. ఇద్దరికీ జీతమిచ్చేది లేబర్ కాంట్రాక్టరు, మా ఊరి పెద్దరైతు కొడుకు. ఒకప్పుడు వాళ్ళ చేలోకి కూలికి పోయేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళ కింద ఫ్యాక్టరీకి పోతున్నాం.

దీని వెనక ఒక చట్టం ఉంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో సవరించింది. సంస్థ అసలు పనిలో, కొన్ని మినహాయింపులతో, కాంట్రాక్టు కూలీలు కూడదంది. మామూలుగా అసలు పని కిందికి రానివంటూ ఒక జాబితా ఇచ్చింది: పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్, సరుకు ఎత్తడం దించడం, తోటపని, హౌస్‌కీపింగ్. అది చదువుతుంటే మా వాడ హాజరుపట్టీ చదువుతున్నట్టే ఉంది.

2019లో ఆంధ్రప్రదేశ్ మరో చట్టం చేసింది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని. 'స్థానికులు' అన్న మాటలో కులం లేదు. కాంట్రాక్టరూ స్థానికుడే, వాడి కింద నేల తుడిచే మా వదినా స్థానికురాలే.

ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ ఎట్లా అడుగుతారని మనల్ని నిలదీస్తారు. డాలర్ల కంటే ముందు మా నాయన రెండెకరాలు పెట్టాడు. పన్ను వాపసుల రూపంలో ప్రజలంతా పెట్టారు. ఇంత తీసుకున్నాక అది ఒట్టి ప్రైవేటు ఎట్లా అవుతుంది? రాయితీలిచ్చే జీవోలోనే షరతులు రాయాలి. భూమి పోయిన ఇంటికి కంపెనీ సొంత రోల్స్‌లో ఉద్యోగం ఇవ్వాలి. పర్మినెంటు ఉద్యోగుల్లో ఎస్సీ, ఎస్టీలు ఎందరో ఏటా ప్రకటించాలి. అసైన్డ్ భూమిని కంపెనీకి అమ్మేయకుండా లీజుకిచ్చి, ఆ డబ్బు పట్టాదారు కుటుంబానికి అందించాలి. భూమి ఒకరిదై సాగు ఇంకొకరిదైతే కౌలు కట్టాలని మన ఊళ్ళకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

విద్యార్థులకు ఒక పని చెప్తాను. మీ మండలంలో పరిశ్రమకు భూమి ఇచ్చివుంటే, సమాచార హక్కు చట్టం కింద తహసీల్దారు కార్యాలయంలో మూడు ప్రశ్నలు వేయండి. మొత్తం ఎన్ని ఎకరాలు? అందులో అసైన్డ్ భూమి ఎంత? పట్టా భూమికి ఎకరాకు ఎంత ఇచ్చారు, అసైన్డ్ భూమికి ఎంత ఇచ్చారు? 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలుకు వెళ్ళండి. పెట్టుబడుల సదస్సులో ఎన్ని లక్షల కోట్లో వాళ్ళు చదువుతారు. ఎవరి భూమి ఎంత పోయిందో ఊరి పేర్లతో సహా మనం చదువుదాం.

వచ్చే భాగంలో ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసే మన ఆడపిల్లల షిఫ్టుల గురించి.

జై భీమ్.