మూడు కాయలు తెమ్మంటే ఒడినిండా తెచ్చింది

ఈ పొద్దు టమోటా ధర గురించి రాయడం లేదు. అది మీకు తెలిసిందే. మా ఇంట్లో జరిగిన చిన్న సంగతి ఒకటి చెప్తాను. చిన్నపిల్లలున్న ఇండ్లవాళ్లు కొంచెం ఓపికగా చదవండి.

మా కూతుర్ని కుప్పం దగ్గర ఒక పల్లెకు ఇచ్చినాము. సంక్రాంతికి మూడేండ్ల మనవరాలితో వచ్చింది. మదనపల్లె మార్కెట్టుకు పోయే కాయలు ఇంటి ముందర ఏరుతా ఉన్నాము. పాప ఒకటి నుంచి పది దాకా గడగడా చెప్తా ఉంటే అందరం మురిసిపోయినాము. "మూడు కాయలు తే తల్లీ" అన్నాను. గౌను పట్టుకుని ఒడినిండా తెచ్చింది. మళ్లీ అడిగినా అంతే. మూడోసారి నాకు కోపం వచ్చింది. "పది దాకా చెప్తావు, మూడు తేవడం రాదా?" అని గట్టిగా అన్నాను. పాప కాయల దిక్కు చూడలేదు. నా మొహం దిక్కే చూసింది. పెదవి వణికింది.

క్రేట్లు ఎత్తుతా ఉన్న మా పెద్దోడు తల ఎత్తకుండానే ఒక మాట అన్నాడు. "నాయనా, నన్ను అన్నట్టు దాన్ని కూడా అనొద్దు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లలకు లెక్క ఎట్లా వస్తుందో ఫోనులో వెతికి చదివినాను.

లెక్క మనం నేర్పక ముందే పిల్లల్లో కొంత ఉంటుందంట. 1992లో అమెరికాలో కారెన్ విన్ అనే ఆమె ఐదు నెలల బిడ్డలకు ఒక బొమ్మ చూపించింది. దానికి తెర అడ్డం పెట్టి, వాళ్లు చూస్తా ఉండగానే తెర వెనక ఇంకో బొమ్మ పెట్టింది. తెర తీస్తే రెండుండాలి కదా. ఒకదాన్ని ఎవరికీ కనపడకుండా తీసేసి చూపిస్తే, బిడ్డలు దాన్ని ఎక్కువసేపు చూసినారు. మాటలు రాని బిడ్డకు కూడా ఏదో తేడా ఉందని తెలిసిపోయింది.

కానీ అంకె పేరుకు, కాయల లెక్కకు ముడి పడాలంటే శానా కాలం పడుతుంది. పిల్లలకు పది దాకా చెప్పడం ముందు పాట మాదిరి వస్తుంది. మొదట "ఒకటి" అంటే ఏమిటో తెలుస్తుంది. కొన్ని నెలలకు "రెండు", ఇంకొన్ని నెలలకు "మూడు". చివర చెప్పిన అంకే మొత్తం లెక్క అని తెలిసేసరికి చాలామందికి మూడున్నర, నాలుగేండ్లు అవుతుంది. మా పాప తప్పు చేయలేదు. ఆ గట్టు కాడికి ఇంకా రాలేదు, అంతే.

కుప్పంలో మూడు భాషలు కదా. మా పాప పక్కింటి తమిళామె దగ్గర "మూణు" అంటుంది, కన్నడం మాట్లాడే ఆయన దగ్గర "మూరు" అంటుంది, నా దగ్గర "మూడు". ఆ అంకె అంటే ఎంతో ఇంకా తెలియదు. ఎవరి దగ్గర ఏ మాట అనాలో మాత్రం తెలుసు. ఏడాది బిడ్డ కూడా కొత్త వస్తువును ముట్టే ముందు అమ్మ మొహం చూస్తుంది, గమనించండి. మూడు తెలియక ముందే వాళ్లకు మన కోపం తెలుస్తుంది. లెక్క అంటే భయం అక్కడే మొదలవుతుంది.

మా పెద్దోని విషయం ఇప్పుడు చెప్తాను. వాడు చిన్నప్పుడు పలక మీద తీసివేత తప్పితే "మొద్దు" అన్నాను, కొట్టినాను. అదే పిల్లోడు మార్కెట్టులో క్రేట్లు, కమీషను, కూలి, బాడుగ పోగా ఎంత మిగులుతుందో నోటితో చెప్పేవాడు. నేను దాన్ని లెక్క కింద జమకట్టలేదు. పదిలో లెక్కలు తప్పినాడు, చదువు ఆగిపోయింది. నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్లు కలకత్తా, ఢిల్లీ మార్కెట్లలో అమ్మే పిల్లలను పరీక్షించి 2025లో ఇదే రాసినారు. బేరంలో చకచకా లెక్క చేసే పిల్లలు బడి లెక్క ఇస్తే తడబడినారు. బడి లెక్క వచ్చిన పిల్లలు బేరం లెక్కలో తడబడినారు. మా వాడు మొద్దు కాదు. అంగట్లో లెక్కకు, పలక మీద లెక్కకు మధ్య దోవ వేసేవాళ్లు లేకపోయినారు. ఆ దోవ నేను వేయాల్సింది.

మన మదనపల్లె పక్కనే రిషివ్యాలీ వాళ్లు పల్లె బడుల్లో పిల్లలను తరగతులుగా విడదీయకుండా కలిపి కూర్చోబెట్టి, కార్డులతో ఎవరి వేగాన వాళ్లు నేర్చుకునేట్టు చేసినారు. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెప్తారు. మన ఇండ్లల్లో అది ఎప్పుడూ ఉండేదే. మా ఆడమనిషిది పుంగనూరు దిక్కు. వామనగుంటల పీట ఇప్పటికీ దాచి పెట్టింది. 14 గుంటలు, గుంటకు ఇన్ని చింతపిక్కలు అని పంచడంలోనే లెక్క ఉంది, ఎదుటోళ్లు ఏం ఆడతారో ఊహించడమూ ఉంది. కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అంటాము కదా, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని అనండి. చెనక్కాయలు "నీకొకటి, నాకొకటి" అని పంచమనండి. నాలుగు గింజలు దగ్గరగా ఒక వరస, నాలుగు ఎడంగా ఒక వరస పెట్టి ఏది ఎక్కువ అని అడగండి. నాలుగైదేండ్ల పిల్లలు చాలామంది పొడుగు వరసే ఎక్కువ అంటారు. నవ్వద్దు, తిట్టద్దు. ఒక ఏడాది, రెండేండ్లు ఆగి మళ్లీ అడగండి.

నిన్న కూతురు ఫోన్ చేసింది. పాప రెండు తెమ్మంటే సరిగ్గా రెండే తెస్తా ఉందంట. మూడు అంటే ఇంకా ఒడినిండానే. తొందరేం లేదు.

మా పెద్దోడు ఈ పేజీ చూస్తా ఉంటాడు. ఈ మాట వాని ఎదురుగా నిలబడి చెప్పడం నాకు చేతకాలేదు. ఇక్కడ రాసినాను, చదువుకోనీ.