చూచి వచ్చిన కథలు

గోదావరీనది ధవళేశ్వరముకడ ఆనకట్టను దాటిన పిమ్మట పాయలుగా చీలి సముద్రమును చేరును. గౌతమి, వసిష్ఠ అను రెండు పాయలకును సముద్రమునకును నడుమ నున్న పచ్చని నేలయే కోనసీమ. అమలాపురము, రాజోలు, కొత్తపేట ఈ సీమలోని ముఖ్యమైన ఊళ్లు. ఇచ్చటినుండి ఏ దిక్కునకు పోదలచినను నీటిని దాటవలసినదే. కాలువలపై బల్లకట్టులు, నదీపాయలపై పడవలు, పంటులు చిరకాలము ఈ సీమవారిని వెలుపలి లోకముతో కలిపినవి. యానామునకును ఎదుర్లంకకును నడుమ గౌతమిపై వంతెన 2002లో గాని ఏర్పడలేదు.

ఇట్టి సీమకు వినోదము కూడ నీటిని దాటియే వచ్చెడిది. హరిదాసులు, తోలుబొమ్మలవారు, నాటక సమాజములవారు పడవలు దిగి పల్లెలకు వచ్చెడివారు. పద్యమును రాగయుక్తముగా పాడగల నటుని కొరకు జనులు రాత్రియంతయు మేల్కొనెడివారు. పద్యము నచ్చినచో ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసి మరల పాడించుకొనెడివారు. కనుమనాడు జగ్గన్నతోటలో జరుగు ప్రభల తీర్థమునకును, మాఘమాసమున అంతర్వేదిలో జరుగు లక్ష్మీనృసింహస్వామి కల్యాణమునకును ఊళ్లకు ఊళ్లే కదలెడివి. పదిమందితో కూడి చూచుట, చూచినదానిని పదిమందితో చెప్పుకొనుట ఈ ప్రాంతమువారికి పూర్వమునుండి యున్న అలవాటు.

తెలుగు మాటలాడు మొదటి చిత్రము ‘భక్త ప్రహ్లాద’ 1932లో వెలువడెను. దానిని తీసినవారు హెచ్. ఎం. రెడ్డిగారు. కోనసీమకు ఎగువనున్న రాజమహేంద్రవరములో నిడమర్తి సూరయ్యగారు 1936లో దుర్గా సినీటోను అను స్టూడియోను నెలకొల్పిరి. ఆంధ్రదేశమున అదియే మొదటి స్టూడియో. క్రమముగా పట్టణములలో సినిమాహాళ్లు వెలసినవి. హాళ్లు లేని పల్లెలకు టూరింగు టాకీసులు వచ్చినవి.

1940ల నడుమ కొత్తపేట ప్రాంతమున ఒక పల్లెలో పుట్టిన బాలుడొకడు ఈ వినోదమునకు చిన్ననాటనే వశుడయ్యెను. అతడు పెరిగి గొప్ప నటుడు కాలేదు, చిత్రములు తీయలేదు. పల్లెబడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి పొందెను. కాని ఎనిమిదవ యేట మొదలైన చలనచిత్రముల మక్కువ ముదిమివరకు ఆయనను విడువలేదు.

నూర్పిళ్లు ముగిసిన పిమ్మట ఆ ఊరి వెలుపలి పొలములో టూరింగు టాకీసు డేరా వెలసెడిది. పగటివేళ ఒక బండికి రంగుల గోడపత్రికలు కట్టి, డప్పు వాయించుచు, కరపత్రములు పంచుచు ఊరూర తిరిగెడివారు. పిల్లలు ఆ బండివెనుక పొలిమేరవరకు పరుగెత్తెడివారు. సంధ్యవేళ డేరాపైని లౌడుస్పీకరులో పాటలు మొదలయ్యెడివి. ఆ పాట కాలువగట్టు వెంబడి చాల దూరము వినవచ్చెడిది. పాట ఆగినదనగా ఆట మొదలైనదని గుర్తు. దారిలో నున్నవారు అది ఆగకమునుపే చేరవలెనని వడివడిగా నడిచెడివారు.

డేరాలో ముందు భాగము నేల తరగతి. అచ్చట ఇసుకయే ఆసనము. స్త్రీలకును పురుషులకును నడుమ ఒక తెర కట్టెడివారు. యంత్రము ఒకటియే యగుటచే ఒక చుట్ట ముగిసిన వెంటనే దీపములు వెలిగెడివి. 1000 అడుగుల ఫిల్ము చుట్ట ఆడుటకు పట్టు కాలము సుమారు 11 నిమిషములు. ఆపరేటరు చుట్ట మార్చునంతలో వేరుసెనగకాయలవాడు, సోడాలవాడు జనులమధ్య ఒకసారి తిరిగి వచ్చెడివారు. ఆ బాలుడు మాత్రము వెనుకకు తిరిగి యంత్రమునే చూచుచుండెను. కదలని బొమ్మలు సెకనుకు 24 చొప్పున మారుచుండగా కన్ను వానిని కదలుచున్న బొమ్మలుగా గ్రహించునని ఒకనాడు ఆపరేటరు చెప్పెను. బడిలో విన్న పాఠములలో నేదియు అతనికి అంత ఆశ్చర్యము కలిగింపలేదు.

తండ్రికి ఈ వ్యసనము నచ్చలేదు. ఆయన కౌలు భూమిని నమ్ముకొన్న రైతు. అణా ఖర్చు చేయవలెనన్నను ఆలోచించువాడు. అయినను పిల్లవాడు పట్టిన పట్టు విడువకపోగా ఒక నియమము పెట్టెను. “నీవు చూచి వచ్చినదానిని మీ నాయనమ్మకు మొదటినుండి తుదివరకు చెప్పవలెను. చెప్పలేనినాడు ఆ డబ్బు నీళ్లపాలైనట్లే. మరల నిన్ను పంపను” అనెను.

ఆ నియమమునకు కారణము లేకపోలేదు. నాయనమ్మ చిన్నవయసుననే భర్తను పోగొట్టుకొన్నది. 1934లో సి. పుల్లయ్యగారి ‘లవకుశ’ వచ్చినప్పుడు చుట్టుపట్ల గ్రామములవారు బండ్లు కట్టుకొని వెళ్లిరి. ఆమెకును వెళ్లవలెనని యుండెను. కాని భర్త లేని స్త్రీ వినోదశాలలకు పోరాదని ఆనాటి పెద్దల కట్టడి. ఆమె వాకిట నిలిచి, పోవుచున్న బండ్లను చూచి, లోపలికి పోయెను. అటుపిమ్మట ఆ మాట ఎన్నడును ఎత్తలేదు. కొడుకు మాత్రము దానిని మరువలేదు.

బాలుడు చూచిన మొదటి చిత్రము ‘పాతాళభైరవి’. 1951లో వెలువడిన ఆ చిత్రము కొన్ని యేండ్లకు గాని ఆ పల్లె డేరాకు చేరలేదు. మరునాడు అతడు నాయనమ్మ యెదుట కూర్చుండి మాంత్రికుని మాయలను, తోటరాముని సాహసములను అభినయించి చూపెను. ఆమె అంతయు వినెను. తుదకు, “అంతయు బాగున్నది నాయనా! మరి ఆ పిల్లవాని తల్లి సంగతి చెప్పలేదేమి? కొడుకు అట్లు వెళ్లిపోగా ఆమె యేమి చేసెను?” అని యడిగెను.

బాలుడు నివ్వెరపోయెను. తల్లి తెరమీదికి వచ్చినప్పుడెల్ల అతడు మాంత్రికుడెప్పుడు వచ్చునా యని ఎదురుచూచుచుండెను. ఆమె ముఖమును చూడనేలేదు. తండ్రిని బతిమాలి మరల వెళ్లి, ఈసారి ఆ తల్లినే చూచి వచ్చెను. ఆ పాత్ర ధరించినది సురభి కమలాబాయి. ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించినదియు ఆమెయే. సురభివారి పేరు వినగానే నాయనమ్మ కన్నులు మెరసినవి. పెండ్లికి ముందు ఆమె సురభివారి నాటకము నొకదానిని చూచియుండెను. ఆనాడు కథ చెప్పుట మనుమని వంతు కాక నాయనమ్మ వంతైనది.

అప్పటినుండి అతడు చిత్రమును ఇద్దరి కొరకు చూడ నేర్చుకొనెను. నాయకుడు పోరాడుచుండగా మూలనున్న సేవకుడు ఏమి చేయుచున్నాడో చూచెను. మాటలను పొల్లుపోకుండ గుర్తుంచుకొనెను. ఇంటికి పోయి చెప్పవలసియున్నవానికి నిద్ర రాదు, కన్ను పక్కకు పోదు.

1957లో ‘మాయాబజారు’ వచ్చెను. దర్శకుడు కె. వి. రెడ్డిగారు, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావుగారివి. ఆ చిత్రములో శశిరేఖాభిమన్యులు వెన్నెలలో పడవపై విహరించు ఘట్టమున్నది. బాలుడు దానిని నాయనమ్మకు వర్ణించి, “అచ్చముగా మన కాలువలో వెన్నెలయే” అనెను. కొన్నాళ్లకు ఆ వెన్నెల ఆకాశమునుండి దిగినది కాదనియు, మార్కస్ బార్ట్‌లీ అను ఛాయాగ్రాహకుడు తన నేర్పుచే కల్పించినదనియు తెలిసెను. ఆ సంగతి చెప్పగా నాయనమ్మ నవ్వి, “అయిననేమి? ఆ దొర ఎచ్చటనో ఒక కాలువగట్టున రాత్రియంతయు కూర్చుండి వెన్నెలను చూచియుండునురా. చూడనివాడు చేయలేడు” అనెను.

1963లో ‘లవకుశ’ మరల వచ్చెను. ఈసారి రంగులలో వచ్చెను. మొదటిదానిని తీసిన పుల్లయ్యగారును, వారి కుమారుడు సి. ఎస్. రావుగారును దీనికి దర్శకులు. అంజలీదేవి సీతగా నటించెను. పల్లెలనుండి స్త్రీలు బండ్లు కట్టుకొని పట్టణములకు తరలిరి. మనుమడు నాయనమ్మను రమ్మని పిలిచెను. “ఈ వయసున నాకెందుకురా? నలుగురు ఏమందురు?” అని ఆమె తప్పించుకొన జూచెను. మనుమడు తండ్రివైపు చూచెను. తండ్రి ఏమియు మాటలాడలేదు. లేచి వెళ్లి తానే బండి పూన్చి, గడ్డిపై జంపకానా పరచి, “అమ్మా, ప్రొద్దుపోవుచున్నది. రా” అని పిలిచెను.

బండి బల్లకట్టుపై కాలువ దాటి పట్టణము చేరెను. చిత్రము మూడు గంటలకు పైబడి నడచెను. సీత అడవిలో ఒంటరిగా నిలిచినప్పుడు స్త్రీల వరుసలలో ఏడ్పు వినబడెను. నాయనమ్మ మాత్రము ఏడువలేదు. చేతులు జోడించి కన్నార్పక చూచెను. తిరుగుదారిలో చాలసేపటికి, “కథ నాకు తెలిసినదే నాయనా. ఆ తల్లి ముఖము చూచుట మాత్రము నేడే” అనెను. ఆమె చూచిన చిత్రము అదియొక్కటియే. మరి రెండేండ్లకు ఆమె కాలము చేసెను.

ఆ తరువాత చూచిన చిత్రములు అతనికి కొంతకాలము రుచింపలేదు. ఇంటికి వచ్చినచో చెప్పుటకు ఎవరును లేరు. ఇంతలో ఉపాధ్యాయుడుగా ఉద్యోగము లభించెను. శనివారము చివరి గంటలో పిల్లలకు తాను చూచిన చిత్రముల కథలు చెప్పుట మొదలుపెట్టెను. ఉత్సాహము మరల కలిగెను.

1967లో చిత్రమే కోనసీమకు నడచివచ్చెను. ముళ్లపూడి వెంకటరమణగారి కథ ఆధారముగా బాపుగారు తమ మొదటి చిత్రము ‘సాక్షి’ని ఆత్రేయపురము దగ్గరనున్న పులిదిండి గ్రామములో తీసిరి. కృష్ణ, విజయనిర్మల అందు నటించిరి. నాయకుడు బల్లకట్టు నడుపు పిరికివాడు. ఒక హత్యను చూచి ధైర్యము తెచ్చుకొని సాక్ష్యము చెప్పును. అతనిని మెచ్చుకొన్న ఊరివారే హంతకుడు తిరిగి వచ్చుచున్నాడనగానే తలుపులు మూసికొందురు. ఆ ఉపాధ్యాయుడు పులిదిండికి వెళ్లి చిత్రము తీయు విధమును చూచెను. క్షణకాలము తెరపై నిలుచు దృశ్యము కొరకు మనుష్యులు ఎండలో గంటలకొలది నిలుచుట చూచెను. పిమ్మట తరగతిలో ఆ కథ చెప్పి, “తలుపులు మూసికొన్నవారిలో మనము ఎవరము?” అని యడిగెను. పిల్లలు చాలసేపు బదులు చెప్పలేదు. నాయనమ్మ అడిగినట్లుగనే ఆయనయు అడుగ నేర్చెను.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి పెనుతుపాను కోనసీమను తాకెను. కొబ్బరితోటలు నేలమట్టమైనవి. ఆ ఊరికి సమీపముననున్న సినిమాహాలు పైకప్పు రేకులు గాలికి లేచిపోయినవి. ఆయన ఏండ్లతరబడి ట్రంకుపెట్టెలో దాచుకొన్న పాటల పుస్తకములు నానిపోయినవి. ఊరికి చాలదినములు విద్యుత్తు లేదు. ఇండ్లు కోల్పోయినవారు బడి వరండాలలో తలదాచుకొనిరి. చీకటి పడిన కొలది పిల్లలు గాలి చప్పుడు విన్నచో తల్లులను కౌగిలించుకొని వణకుచుండిరి. ఒక సాయంకాలము ఆయన లాంతరు వెలిగించి తెచ్చి వారినడుమ పెట్టి ‘మాయాబజారు’ చెప్పుట మొదలుపెట్టెను. తెర లేదు, యంత్రము లేదు. ఘటోత్కచుడు పెండ్లివంటకములన్నియు ఒక్కడే ఆరగించు ఘట్టము రాగా, పంచిపెట్టిన పులిహోర పొట్లములతో కడుపు నింపుకొన్న ఆ పిల్లలు పకపక నవ్విరి. తుపాను పిమ్మట ఆ వరండాలో నవ్వు వినబడుట అదియే మొదటిసారి. కథ ముగిసినప్పుడు ఒక ముసలమ్మ, “మాస్టారూ, రేపు ఏమి చెప్పెదరు?” అని యడిగెను.

నేడు డేరాలు లేవు. దూరదర్శని ఇండ్లలోనికి వచ్చిన పిమ్మట హాళ్లకు పోవువారు తగ్గిరి. పెక్కు హాళ్లు కల్యాణమండపములుగ మారినవి. ఫిల్ము చుట్టల స్థానమున సంఖ్యారూపమైన సాధనములు వచ్చినవి. పాత చిత్రములను భద్రపరచుటకు 1964లో పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడినను, అప్పటికే పెక్కు చిత్రములు నశించినవి. ‘భక్త ప్రహ్లాద’ ప్రతియే నేడు లభ్యము కాదు. అట్టి చిత్రములు చూచినవారు చెప్పగా విన్నవారి జ్ఞాపకములలో మాత్రమే కొంత నిలిచియున్నవి.

ఆయన ఇందులకు వగచుచు కూర్చుండలేదు. క్రొత్త చిత్రము వచ్చినచో ఇప్పటికిని అమలాపురము పోయి చూచి వచ్చుచున్నాడు. ఒక వస్తువుపైని ప్రేమ దానిని తానొక్కడే అనుభవించుటతో తీరదు. అందని వారికి దానిని అందించినప్పుడే అది పండును. ఈ సంగతి ఆయన ఎవరికిని ఉపదేశింపలేదు. మనుమలు చిత్రము చూచి ఇల్లు చేరినప్పుడు మాత్రము ఎన్ని చిత్రములు చూచితిరని అడుగడు. దగ్గర కూర్చుండబెట్టుకొని, “కథ చెప్పుడు” అనును. వారు నాయకుని పోరాటములన్నియు చెప్పి ముగించిన పిమ్మట, “సరే, మరి అతని తల్లి ఏమైనది?” అని యడుగును.