పెరటిలో అంబాసిడర్

1944లో తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు ఏర్పడిన పిదప, ఆ వంపులను యాత్రికులతో ఎక్కిన వాహనములలో, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారముగా హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తరపారాలో నిర్మించిన అంబాసిడర్‌కు విశిష్టస్థానము కలదు. 2014లో దాని ఉత్పత్తి నిలిచిపోయినను, తిరుపతిలో మా పెరటి రేకుల పాక క్రింద ఒకటి పునరుద్ధరణకై విప్పబడి యున్నది.

అందుకు వలసిన సాధనములను ఇంటనే కూర్చుకొనుట నాకు మిక్కిలి ప్రీతి. దళసరి ఇనుప గొట్టములు మూడింటిని త్రిపాదిగా నిలిపి గొలుసు కప్పీ తగిలించితిమి; ఇంజను దానితోనే పైకి లేచినది. త్రుప్పు వదలించుటకు ప్లాస్టిక్ తొట్టి, నీరు, చాకలి సోడా, బ్యాటరీ చార్జరు చాలును: త్రుప్పుపట్టిన భాగమును ఋణధ్రువమునకును, పనికిరాని ఇనుప ముక్కను ధనధ్రువమునకును కలిపి విద్యుత్తును ప్రవహింపజేసినచో, మంచి లోహము అరగకయే త్రుప్పు సడలిపోవును. ఇనుమునకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు, అందలి క్రోమియము విషమై నీట కలియును. హైడ్రోజను వెలువడును గావున ఆరుబయటనే, నిప్పుకు దూరముగా చేయవలెను.

2021 నాటి కేంద్ర నిబంధనలు, ఏబదియేండ్లు దాటియు మూలరూపము చెడని బండ్లకు ‘వి.ఏ.’ అక్షరములతో ప్రత్యేక నమోదు కల్పించినవి. కావున సొట్టపడిన మడ్‌గార్డును పారవేయక, ఆ రేకునే సుత్తితో సరిదిద్దుట ధర్మమని నా నిశ్చితాభిప్రాయము.

చిత్తూరు, మదనపల్లె ప్రాంతముల పాత సామాన్ల అంగళ్లలో అంబాసిడర్ మార్క్ టూ నమూనా ముందరి గ్రిల్లు కనబడినచో మిత్రులు దయతో తెలుపగలరు.