సలేశ్వరంలో చీకటి పడితే...

నల్లమలలో సలేశ్వరం వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ కాళ్లతో పాటు చేతులకూ పని ఉంటుందని. చైత్ర పౌర్ణమి జాతరకు నాన్నను తీసుకెళ్లాను. ‘వస్తున్నాం లింగమయ్యా’ అనుకుంటూ లోయలోకి దిగి, జలపాతం కింద తడిసి, దర్శనం చేసుకునేసరికి పొద్దు వాలింది. తిరిగి ఎక్కుతుంటే సగం దారిలోనే చీకటి.

‘పదివేల ల్యూమెన్స్’ అని రాసుంటే మురిసిపోయి ఆన్‌లైన్‌లో మూడొందలకు కొన్న హెడ్‌ల్యాంప్ తీశా. వెలగలేదు! బ్యాగులో బటన్ నొక్కుకుపోయి చార్జింగ్ మొత్తం అయిపోయింది. ఫోన్ టార్చి పట్టుకుంటే ఒక చెయ్యి దానికే సరి. రెండో చేత్తో బండను పట్టుకోవాలా, నాన్ననా? ఆయన కాలు జారింది. వెనకొస్తున్న ఓ పెద్దాయన భుజం పట్టి ఆపాడు కాబట్టి మోకాలు గీరుకుపోవడంతో పోయింది.

ఈసారి కొనేటప్పుడు పెద్ద అంకెలు చూడలేదు. కొండదారి నడకకు 200-300 ల్యూమెన్స్ చాలు. బటన్‌కు లాక్ ఉందా? కనీసం ఐపీఎక్స్4 ఉంటే చినుకులకు భయం లేదు. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. ఊళ్లో కిరాణా కొట్టులో దొరికే సెల్స్‌తో పనిచేస్తుందా? తక్కువ వెలుగులో ఎన్ని గంటలొస్తుంది? ఈ చివరిది డబ్బా మీద చూసి నమ్మలేదు, ఇంట్లో రాత్రంతా వెలిగించి చూశా.

రెండు కొన్నా. నాన్న ఒకటి తలకు పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు.

‘‘బాగానే ఉంది గానీ, ఈసారి పొద్దుండగానే ఎక్కేద్దాంరా’’ అన్నారు.